రాయి పెట్టని నావ

కూసో అక్షితా. గట్ల మంచం అంచున కాదు, కాళ్లు మీదికి పెట్టుకొని కుదురుగ కూసో. ఫోన్ల టైప్ చేస్త అంటివి గదా, చెయ్యి. కానీ నడుమ ఎవలో మెసేజ్ పెట్టిండ్రని అటు చూసినవనుకో, నేను ఆడికే ఆపుత. ఇంకొక మాట. నేను బడిల తెలుగు చెప్పినదాన్ని. రాయాల్సింది రాసినట్టు చెప్త, నీతోని మాట్లాడేది మాట్లాడినట్టు మాట్లాడుత. రెండూ కలిసిపోతే కలవనియ్, దిద్దకు.

నిన్న సాయంత్రం నువ్వు మహబూబాబాద్ నుంచి రైలు దిగి వచ్చి, సంచి ఒక మూల, చెప్పులు ఒక మూల వదిలేసి, "అమ్మమ్మా, పరీక్షలతోని రెక్ అయిపోయిన" అంటూ ఈ మంచం మీదే వాలిపోయావు. నేను నవ్వాను. నాకు అర్థం కాలేదనుకొని నువ్వు లేచి కూర్చుని, రెక్ అంటే ఓడ మునిగి ముక్కలు కావడమని, మనిషి పాడైపోయినా అదే మాట అంటారని విడమర్చి చెప్పావు. ఆ మాట నాకు తెలుసు. ఇంగ్లీషులో పిల్లి, బంతి అనే మాటలు రాకముందే ఆ ఒక్కటి నాకు వచ్చు. పోయిన వారం లస్మక్క చనిపోయిందని ఫోను వస్తే మీ మామను వెంటబెట్టుకొని భూపాలపల్లి దాటి గోదావరి దాకా వెళ్లి వచ్చాను కదా. ఆమె మనకేమవుతుందని మీ అమ్మ అడిగింది. ఏమీ కాదు. ఆ మాట నేను ఆమె నావ ముక్కల పక్కన నిలబడి నేర్చుకున్నాను, అంతే. అక్కడి నుంచి వచ్చినప్పటి నుంచీ నాకు నిద్రలో నీళ్ల చప్పుడే వినిపిస్తోంది. ఈ జనగామలో నీళ్ల చప్పుడంటే పొద్దున కుళాయి వచ్చినప్పుడు వినబడేదే కదా.

మా ఊరు మహదేవపూర్ దాటాక, గోదావరి ఒడ్డున. ఒడ్డున ఉన్నవాళ్లెవరూ దాన్ని గోదావరి అనరు. గంగ అంటారు. గంగకు పోయినం, గంగ నిండుగున్నది, గంగ మోగుతున్నది. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. సిరొంచ అంగడికి మా వాళ్లు నావలోనే పోయేవారు, చీరలూ ఎండుచేపలూ మరాఠీ తిట్లూ తెచ్చుకునేవారు. వానకాలం మొదలైతే మా ఇంటి వాసన మారిపోయేది. పెరట్లో వరద కట్టెలు ఆరేసి ఉండేవి. తడి టేకు వాసన, ఒండ్రు వాసన, ఎక్కడో మేము చూడని అడవిలో రాలిన ఆకుల వాసన. ఆ కట్టెలతో వండిన అన్నానికి కూడా అదే వాసన. పొయ్యిలో అవి సన్నగా ఈల వేస్తూ మండేవి. లోపల మిగిలిన గంగ ఊపిరి తీస్తోందని మా నాయనమ్మ అనేది. నేను నమ్మి, అన్నం ఉడికినంతసేపూ పొయ్యి పక్కన కూర్చుని ఆ ఈల వినేదాన్ని. ఇప్పటికీ వాన పడ్డ రోజు కుక్కరు కూత పెడితే ఒక్క క్షణం నాకు ఆ పొయ్యి ముందరే ఉన్నట్టుంటుంది.

నాయనమ్మ పేరు రాజవ్వ. పొడుగ్గా, ఎండిపోయిన చెరుకుగడలా ఉండేది. కోడి కూయకముందే లేచి, నోట్లో చుట్ట పెట్టుకొని, వరద వచ్చిన రోజుల్లో గంగ ఒడ్డుకు నడిచేది. చీర ఒడిలో గులకరాళ్లు ఉండేవి. ఊరికి దిగువన గంగ ఒక మలుపు తిరుగుతుంది. పైనుంచి కొట్టుకొచ్చినవన్నీ అక్కడే ఒడ్డెక్కుతాయి. దుంగలు, వాసాలు, గుమ్మడికాయలు, ఒక్కోసారి ఇత్తడి చెంబు. వాటికి ఊళ్లో ఒకటే పద్ధతి. ముందు చూసినవాళ్లు దాని మీద ఒక రాయి పెట్టాలి. రాయి పెట్టాక ఇంటికి పోయి తిని పడుకున్నా సరే, దాన్ని ఇంకొకరు తాకరు. అన్నదమ్ములు పొలం గట్టు కోసం తలలు పగలగొట్టుకున్న ఇళ్లలో కూడా రాయి పెట్టిన దుంగ జోలికి పోయినవాళ్లు లేరు. పెట్టినవాళ్లే తీయాలి. తీస్తే గంగ ఇచ్చినదాన్ని వద్దన్నట్టు. అప్పుడు అది మళ్లీ ఎవరిదైనా కావచ్చు.

మా బాపు ఆ ఊరి బడిలో పంతులు. హన్మకొండలో చదువుకుని వస్తూ ఇటుకంత మందం ఇంగ్లీషు నిఘంటువు ఒకటి తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం అన్నం తిని, అరుగు మీద గోడకు ఆనుకొని, పురాణం చదివినట్టు దాన్ని చదివేవాడు. నాయనమ్మకు అది చూస్తే నవ్వు.

"అందుల రాజు లేడు, రాణి లేదు, ఏం సదువుతున్నవురా గంతసేపు?" అనేది.

"మాటలు ఎక్కడికెళ్లి పుట్టినయో ఉంటదే అవ్వా."

"పుట్టినకాడనే ఉంటయా అవి? నువ్వు ఈన్నే పుట్టి హన్మకొండ పోలేదా?"

బాపు పుస్తకం మూసి నవ్వేవాడు. ఆ నవ్వు చప్పుడు నాకు ఇంకా గుర్తుంది గానీ ముఖం మాత్రం ఫోటోలో ఉన్నదే కళ్లకు వస్తుంది, అసలుది రాదు. ఎందుకో మరి.

నావ నడిపేది పోశం. సన్నగా, నల్లగా, ఎప్పుడూ తడిగా ఉండేవాడు. అందరినీ బావా అనే పిలిచేవాడు, మా బాపును పంతులు బావా అని. లస్మక్క అతని భార్య. కొత్తగా కాపురానికి వచ్చింది. నేను ఆమె తోకనై తిరిగేదాన్ని. ప్రతి సోమవారం ఆమె నావ ముక్కుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేది. నాకూ ఒక వేలంత పసుపు ఇచ్చేది, నేను నా ఎత్తు దాకా రాసేదాన్ని. తారు వాసన మీద పసుపు వాసన. ఇప్పుడు ఏ కొట్లోనూ అట్లాంటి వాసన దొరకదు.

నావ పగిలిన ఆ రోజు సిరొంచ అంగడి. పొద్దుగూకే వేళకు పైనుంచి ప్రాణహిత పొంగి వచ్చింది. అంగడికి పోయిన మా వాళ్లంతా అవతలే ఆగిపోయారు. నావను అవతల కట్టేస్తే వరద దాన్ని రాళ్లకేసి కొడుతుందని పోశం ఒక్కడే బయలుదేరాడు. నావలో లస్మక్క తెమ్మంటే కొన్న మేకపిల్ల ఒకటి ఉంది. ఆగు పోశం అని అంటే, "గంగ నాకు కొత్తదా బావా" అని నవ్వుకుంటూ గడ వేశాడట. ఇదంతా తర్వాత అవతలి నుంచి వచ్చినవాళ్లు చెబితే తెలిసింది. ఆ పొద్దున మాకేమీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ వెంట నేనూ పోయాను. మంచు పట్టినట్టు తెల్లటి పొగ నీళ్ల మీద. మూడడుగుల దూరంలో ఏముందో కనబడదు. నాయనమ్మ కాలికి పలకలేవో తగిలాయి. వంగి చేత్తో తడిమింది. "మంచి టేకే బుజ్జీ. కొట్టానికి తలుపు అయితది" అని, ఒడిలోంచి రాయి తీసి పెట్టేసింది. పెట్టాక ముక్కు ఎగబీల్చింది. తారు వాసన. ఆమె చెయ్యి రాయి మీద అట్లాగే ఆగిపోయింది. ఇంతలో కొంచెం వెలుగొచ్చింది. పలక అంచున, తడికి సగం పోయి, పసుపు కనిపించింది. నేను రాసినదే, నా ఎత్తు దాకా వచ్చి ఆగిపోయింది.

లస్మక్క అప్పటికే ఒడ్డున వెతుక్కుంటూ వస్తోంది. పలకలు చూసింది. రాయి చూసింది. ఏడవలేదు. వాటి పక్కన బురదలోనే కూర్చుంది.

"రాజవ్వా, రాయి ఎందుకు పెట్టినవు? గిది కొట్టుకొచ్చిన కట్టె కాదు. మా ఆయన నావ."

"సూడక పెట్టిన బిడ్డా."

"ఆయన అత్తడు. అచ్చి నా నావేదని అడుగుతడు."

మా గంగ ఒడ్డున వస్తడు అనరు అక్షితా, అత్తడు అంటరు. అట్లనే రాయి. ఆ మాట అట్ల ఉంటేనే నాకు ఆమె గొంతు వినవడుతది.

ఊరంతా చేరింది. చిక్కు ఏమిటో నాకు అప్పుడు పూర్తిగా తెలియలేదు, పెద్దదాన్నయ్యాక తెలిసింది. కొట్టుకొచ్చిన కట్టె అంటే దిక్కులేని కట్టె. దానికి మనిషి లేడని ఊరు ఒప్పుకుంటేనే రాయి నిలుస్తుంది. నావ మీద రాయి నిలిస్తే పోశం లేడని ఊరు చెప్పినట్టే. ఆ రోజే లస్మక్క గాజులు తీయమంటారు. పోనీ నాయనమ్మ రాయి తీసేస్తే? పక్కనే ఎల్లయ్య తన రాయి పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతను చెడ్డవాడు కాదు, ఇల్లు కట్టుకుంటున్నాడు, టేకు కావాలి.

"నువ్వు తీత్తే నేను పెడత రాజవ్వా," అన్నాడు. "నాకేం పాపం లేదు. గంగ ఇచ్చింది."

"నీకు గంగ బుద్ధి ఒక్కటే ఇయ్యలేదురా," అంది నాయనమ్మ. కానీ రాయి తీయలేదు. చుట్ట ఆరిపోయినా నోట్లోనే ఉంచుకొని, ఒక చెయ్యి రాయి మీద పెట్టి, లస్మక్క పక్కనే బురదలో కూర్చుంది. అట్లా ఇద్దరూ ఎన్ని రోజులు కూర్చున్నారో నాకు తెలియదు. నాకు గుర్తున్నదల్లా వాన ఆగుతూ పడుతూ ఉండడం, వాళ్లకు నేను గిన్నెలో జొన్న గటక తీసుకుపోవడం, లస్మక్క తినకుండా గిన్నెను ఒళ్లో పెట్టుకొని వేడికి చేతులు కాచుకోవడం. గంగ మోగుతూనే ఉండేది. ఆ మోత వింటూ నిలబడితే నిద్ర వచ్చేది. కళ్లు తెరిచే కల కన్నట్టు ఉండేది.

అప్పుడు బాపు తన నిఘంటువును తువ్వాలలో చుట్టుకుని ఒడ్డుకు వచ్చాడు. ఎల్లయ్య మూతి తిప్పాడు. "పంతులు గంగకు పాఠం చెప్పనీకి అచ్చిండు" అన్నాడు. బాపు పట్టించుకోలేదు. గొడుగు నాకు ఇచ్చి పుస్తకం మీద పట్టమన్నాడు. ఇంగ్లీషు వాళ్లకు రెక్ అని ఒక మాట ఉందన్నాడు. ఇప్పుడు దాన్ని పగిలిన ఓడ అనీ, పాడైన బతుకు అనీ అంటున్నారట. కానీ అది మొదట ఓడ కాదు. దాని వేరులో ఉన్నది తరమడం, నెట్టడం. ఉత్తరాన చలి సముద్రాల మీద తిరిగేవాళ్లు, నీళ్లు ఒడ్డుకు నెట్టిన వస్తువును ఆ మాటతో పిలిచేవాళ్లట. అక్కడి నుంచి ఆ మాట కూడా కొట్టుకొచ్చి ఇంగ్లండు ఒడ్డుకు చేరిందట. రాక్ అని దానికి తోబుట్టువు లాంటి మాట ఇంకొకటి. సముద్రం ఒడ్డున పారేసే నాచుకు ఆ పేరు, సర్వనాశనానికీ ఆ పేరే.

నాయనమ్మ తల ఎత్తింది. "ఆళ్లకూ గంగ ఉన్నదారా?"

"సముద్రం అవ్వా."

"ఆళ్లు రాయి పెడ్తరా?"

"రాయి కాదు. ఒడ్డుకు ఏది కొట్టుకొచ్చినా రాజుదే అనేటోళ్లు."

"రాజు పొద్దుగాల లేచి నడిసేటోడా ఒడ్డు పొంటి?" అని ఎల్లయ్య అడిగితే, అన్ని రోజుల్లో మొదటిసారి ఎవరో నవ్వారు. బాపు కూడా నవ్వాడు. ఆ తర్వాత, హన్మకొండలో తన సారు చెప్పిన సంగతి అంటూ మెల్లగా చెప్పాడు. వాళ్ల పాత చట్టంలో ఒక షరతు ఉందట. ఓడ నుంచి మనిషి గానీ, కుక్క గానీ, పిల్లి గానీ ప్రాణంతో బయటపడితే ఆ ఓడ రెక్ కాదు. ఎంత ముక్కలైనా సరే, దిక్కులేనిది కాదు. దాన్ని యజమాని కోసం దాచిపెట్టాల్సిందే.

లస్మక్క అడిగింది, "పిల్లి బతికినా సాలునా?"

"సాలు."

"మరి మా మేక?"

బాపు పుస్తకం మూశాడు. మేక సంగతి ఆయన సారు చెప్పలేదు. ఎల్లయ్య, "చట్టంల మేక లేదు. ఉన్నదా పంతులూ?" అన్నాడు. లేదన్నాడు బాపు. అబద్ధం చెప్పి ఉంటే అక్కడే అయిపోయేది. బాపు చెప్పలేదు. ఆయన అట్లాంటి మనిషి.

వరద తీసిన రోజు, దిగువన ఇసుక దిబ్బ మీద తుమ్మ పొదలో మేకపిల్ల అరుపు వినిపించింది. దిగువ ఊరివాళ్లు దాన్ని భుజాన వేసుకుని తెచ్చారు. మెడలో తాడు, తాడుకు పోశం వేసే ముడి. రెండుసార్లు తిప్పి లోపలికి దోపే ముడి, ఊళ్లో ఇంకెవరూ అట్లా వేయరు. మేక ఒళ్లంతా ఒండ్రు. లస్మక్క దాన్ని ఒళ్లోకి తీసుకుని చెవులు తుడిచింది. అందరూ బాపు వైపు చూశారు, బాపు నాయనమ్మ వైపు చూశాడు.

"ఆళ్ల దేశంల మేకలు లేకుండె గావచ్చు," అంది నాయనమ్మ. "ఉంటే రాసుకునేటోళ్లే."

రాయి తీసింది. తీసి గంగలోకి విసరలేదు, ఒడిలో వేసుకోలేదు. లస్మక్క చేతిలో పెట్టబోయింది. "నువ్వు పెట్టు బిడ్డా. నువ్వు పెడితే ఇంకెవలూ పెట్టరు."

లస్మక్క చెయ్యి వెనక్కు తీసుకుంది. "మా నావ మీద మేమే రాయి పెట్టుకుంటమా రాజవ్వా? మనిషి లేనిదానికి పెడ్తరు రాయి."

ఎల్లయ్య తన రాయి కేసి చూసుకున్నాడు. ఎంతసేపు చూసుకున్నాడో. తర్వాత దాన్ని కాళ్ల దగ్గర బురదలో వదిలేసి, పలకలను ఒడ్డు మీదికి లాగడానికి ఒక చివర పట్టుకున్నాడు. మా గంగ ఒడ్డున ఒక కట్టెల కుప్ప రాయి లేకుండా, ఎవరూ ముట్టకుండా, నెలల తరబడి పడి ఉండటం నేను చూసింది అదొక్కసారే. వాన వెలిసిన పొద్దుల్లో దాని మీద ఆవిరి లేచేది. మేకపిల్ల ఎక్కి నిలబడేది.

పోశం రాలేదు.

రాలేదు బిడ్డా. అట్ల మొఖం పెట్టకు. రాయి.

రాలేదు గానీ, పోయాడని ఎవరూ అనలేదు. ఏళ్లు గడిచాక ఊరి పెద్దలు దర్భలతో బొమ్మ చేసి కర్మ చేద్దామంటే, మేక బతికింది కదా అంది లస్మక్క. దాంతో అందరూ ఊరుకున్నారు. ఆ పలకలతో వడ్రంగి చిన్న నావ కట్టి ఇచ్చాడు. దాన్ని లస్మక్కే నడిపింది. ఆడది గడ వేయడమేమిటని మొదట్లో సిరొంచ వాళ్లు ఎక్కలేదు, తర్వాత ఆమె నావ కోసమే ఒడ్డున కాచుకునేవారు. వాగులు పొంగి బాట తెగితే, నేను పెళ్లయి ఆ ఊరు దాటిందీ ఆమె నావ ఎక్కే. ఆ ముక్కుకు పసుపు ఉంది, సోమవారం కాకపోయినా.

ఇప్పుడు గంగ మీద వంతెన. కారులో మీ మామ రెండు పాటలు వినేలోగా అవతలికి పోయి వచ్చాము. మలుపు దగ్గర దిగి చూశాను. ప్లాస్టిక్ సీసాలు, థర్మాకోల్ ముక్కలు, ఎవరిదో ఒక చెప్పు. రాయి పెట్టదగ్గది ఒక్కటీ లేదు, రాయి పెట్టే మనిషీ లేదు. బాగా నిలబడి విన్నాను. గంగ ఇప్పుడు మోగదు, ఆనకట్టల మధ్య నిలబడి ఉంటుంది. కరెంటు వచ్చింది, దవాఖాన వచ్చింది, నేను వద్దనను. మా నాయనమ్మ జ్వరంతో పోయినప్పుడు ఆ దవాఖాన ఉండి ఉంటే అని ఎన్నోసార్లు అనుకున్నాను. అయినా పలకల మీద ఆవిరి లేచే ఆ పొద్దును ఇమ్మంటే ఎవరివ్వగలరు?

లస్మక్క ఇంట్లో చిక్కు వచ్చింది. ఒళ్లు ముడతలు పడి, పిడికెడయింది మనిషి. చేతులకు మాత్రం ఆకుపచ్చ గాజులు. స్నానం చేయించడానికి వచ్చిన ఆడవాళ్లు ఆగిపోయారు. ముత్తైదువలా పసుపు కుంకుమతో పంపాలా, గాజులు పగలగొట్టి పంపాలా. కొత్త కోడళ్లు, వాళ్లకు కథ తెలియదు. ఒకామె అంది, "ఇన్నేండ్లకు ఆయన ఉంటడా టీచరమ్మా? నూరేండ్లు దాటుతయి." ఇంకొకామె గాజు మీద చెయ్యి వేసింది. అప్పుడు నేను మాట్లాడాను. వరదలో నావ పగిలిందని, దాంట్లోంచి ఒక ప్రాణం బతికి వచ్చిందని, అట్లా వస్తే అది దిక్కులేనిది కాదని ఈ ఊరు ఒకసారి ఒప్పుకుందని, ఒప్పుకున్నదాన్ని మళ్లీ ఎవరూ తిప్పలేదని చెప్పాను. గాజు మీద చెయ్యి వేసిన ఆమె చెయ్యి తీసింది. పసుపు నేనే కలిపాను. పాదాలకు రాశాను, ముఖానికి రాశాను, రూపాయంత బొట్టు పెట్టాను. బయట ఆమె నావ బోర్లించి ఉంది, దాని మీద ఎవరో మిరపకాయలు ఎండబెట్టారు, అవి తీసి దాని మీదే పూలు పోశారు.

ఎత్తుకుపోయే ముందు ఎల్లయ్య కూతురు, ఆమె కూడా ముసలిదే ఇప్పుడు, నా దగ్గరికి వచ్చింది. వంగి, ఎవరూ వినకుండా చెవిలో అడిగింది. "టీచరమ్మా, రేపు ఆయన అత్తే, లస్మక్క ఏదని అడిగితే, ఎవలం చెప్పాలె?" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకొని, ఆయన గనక వస్తే నాకు ఫోను చెయ్యి, జనగామ నుంచి నేనే బస్సెక్కి వచ్చి, ఆయనను ఆ నావ దగ్గర కూర్చోబెట్టి, మెల్లగా…

అగో, మీ అమ్మ పిలుస్తున్నది. ఏందే? అన్నం పెట్టినవా? వస్తున్న, పప్పు సల్లారనియ్ జర, పిల్ల రాస్తున్నది, ఈ ఒక్క మాట అయినంక…

సరే, సరే, లేస్తున్న. చెయ్యి ఇయ్యి అక్షితా, మోకాలు పట్టేసింది. ఏడిదాక చెప్పిన? ఆ, ఆయన గనక వస్తే